గెయిన్ తగ్గినా నిండుగా పలికే గిటారు

(హైదరాబాద్, బంజారాహిల్స్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఎలక్ట్రిక్ గిటారు వాయించే యువతీయువకుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం. వాయించి చూపిన చోట్లను కుండలీకరణాల్లో సూచించాం.)

అందరికీ నమస్కారం. గోడవారగా నిలబడ్డవారు దయచేసి ముందుకు వచ్చి చాప మీద కూర్చోండి. మర్యాద కోసం మాత్రమే అడగడం లేదు. ఈ స్పీకరుకు ఎదురుగా కూర్చున్నవారికి వినిపించే గిటారు వేరు, పక్కన నిలబడ్డవారికి వినిపించే గిటారు వేరు. ఆ సంగతి కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముందుగా ఇది వినండి.

(ఆంప్లిఫయర్ లోపల సంకేతాన్ని పెంచే గెయిన్ నాబ్ బాగా తిప్పి, షడ్జమ పంచమాలు రెండే కలిసి మోగే పవర్ కార్డ్ వాయించారు.)

ఇప్పుడు మరే నాబ్‌నూ ముట్టుకోకుండా గెయిన్ ఒక్కటే 9 నుంచి 3కు తగ్గిస్తున్నాను. శబ్ద పరిమాణం మాత్రం ఇంతకుముందు ఎంత ఉందో అంతే ఉంచుతున్నాను.

(అదే కార్డ్ మళ్లీ వాయించారు.)

విన్నారు కదా. ఇందాక గదంతా పరుచుకున్న శబ్దం ఇప్పుడు స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు వచ్చింది. శబ్దం చిన్నది కాలేదు. దానిలోని కండ కరిగిపోయి ఎముకలు మిగిలాయి. నా దగ్గరకు వచ్చే విద్యార్థుల్లో సగం మంది ఏదో ఒక రోజు ఈ మాట అడుగుతారు: "మాస్టారూ, గెయిన్ పెంచితే స్వరాలు అలుక్కుపోతున్నాయి, తగ్గిస్తే పలచబడుతోంది. ఈ రెంటికీ మధ్య నిండుగా వినిపించే చోటు ఎక్కడుంది?" ఈ సాయంత్రమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతాను.

నిండుదనం అంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పనవసరం లేదు. కొందరు గాయకుల గురించి గాత్రం నిండుగా ఉందని అంటాం. గట్టిగా పాడతారని కాదు. మంద్రంలో మెల్లగా పాడినా వారి గొంతు మన చుట్టూ ఉన్నట్టు అనిపిస్తుంది. తారస్థాయిలో గొంతు చించుకున్నా పలచగా వినిపించేవారూ ఉంటారు. గిటారు నుంచి నేను కోరుకునేది ఆ గాత్రమే.

అసలు గెయిన్ ఏం చేస్తుందో చూద్దాం. తీగను మీటగానే పుట్టే సంకేతం మొదటి క్షణంలో ఎత్తుగా లేచి వెంటనే వాలిపోవడం మొదలుపెడుతుంది. ఆంప్లిఫయర్‌కు ఒక పైకప్పు ఉంటుంది, అంతకన్నా ఎత్తు అది ఇవ్వలేదు. సంకేతాన్ని ఆ పైకప్పు దాటేంతగా పెంచితే శిఖరం తెగి చదునవుతుంది. తీగ కదలిక సగానికి పడిపోయినా సంకేతం ఇంకా పైకప్పును తాకుతూనే ఉంటుంది కాబట్టి స్వరం తగ్గుతున్న సంగతి చెవికి అందదు. అలా గెయిన్ స్వరాన్ని సాగదీస్తుంది. గట్టిగా మీటినదాన్నీ మెల్లగా మీటినదాన్నీ ఒకే ఎత్తుకు తెస్తుంది. శిఖరాలు తెగినచోట కొత్త హార్మోనిక్స్ పుడతాయి. వాటిని మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో అనుస్వరాలు అంటారు, నేనూ అదే మాట వాడతాను.

చాలామంది గమనించని పని ఇంకొకటి ఉంది. ఐదో తీగ A 110 హెర్ట్జ్. దాని పంచమం E, సుమారు 165 హెర్ట్జ్. ఈ రెండూ కలిసి పైకప్పును తాకినప్పుడు వాటి మధ్య తేడా కూడా ఒక స్వరమై వినిపిస్తుంది. 165 లోంచి 110 తీసేస్తే 55. అంటే మీరు మీటని ఇంకో A, ఒక స్థాయి కింద, తనంతట తానే వచ్చి చేరింది. ఇందాక మొదట విన్న కార్డ్ అంత బరువుగా ఉండటానికి కారణం మీ చేయి కాదు, ఆ 55 హెర్ట్జ్.

గెయిన్ తగ్గించిన క్షణంలో ఈ సేవలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. స్వరాన్ని ఇక ఎవరు సాగదీయాలి? హెచ్చుతగ్గులను ఎవరు సర్దాలి? కింది స్థాయిని ఎవరు నింపాలి? ఈ పనులను ఒక్కొక్కటిగా మరొకరి చేతిలో పెట్టాలి. పెళ్లిలో అప్పగింతల లాంటి పని ఇది, తొందరపడితే కుదరదు.

నాకు ఈ విషయం తెలియని రోజుల్లో ఏం జరిగిందో చెబుతాను. నగరంలోని ఒక స్టూడియోలో నా మొదటి రికార్డింగ్. ఇంట్లో వారం రోజులు గట్టి డిస్టార్షన్‌తో, అంటే శిఖరాలు బాగా తెగిన శబ్దంతో, సాధన చేసి వెళ్లాను. పాట మొదలుకాగానే ఇంజనీరు గాయని గొంతు మునిగిపోతోందని, డ్రైవ్, అంటే గెయిన్, బాగా తగ్గించమని అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. తగ్గించాను. గిటారు పలచబడింది. నిండుదనం అంటే బాస్ అనుకుని బాస్ నాబ్ చివరిదాకా తిప్పాను. మిక్సింగ్‌లో ఆ బాస్ అంతా బాస్ గిటారుకు అడ్డం వచ్చింది, తీసేశారు. క్యాసెట్ చేతికొచ్చాక విన్నాను. నా వాద్యంలో మిగిలింది ప్లెక్ట్రమ్, అంటే మీటే బిళ్ల, తీగను గీకిన చప్పుడు మాత్రమే. ఆ క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా దాన్ని మళ్లీ మళ్లీ వింటూ నేర్చుకున్నదే.

మొదటి అప్పగింత చేతికి. వేగం కోసం తీగలను మెట్లకు అతి దగ్గరగా దింపుకోవడం మనలో చాలామందికి అలవాటు. అప్పుడు తీగ పూర్తిగా ఊగకముందే మెట్లకు తగులుతుంది. గెయిన్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ ఒరిపిడి కలిసిపోతుంది, తక్కువగా ఉన్నప్పుడు స్వరం మొదట్లోనే నీరసించిపోతుంది. 12వ మెట్టు దగ్గర మందపు తీగ 2 మిల్లీమీటర్లు, సన్నని తీగ 1.5 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంచి చూడండి. ఒక వారం వేళ్లు ఇబ్బంది పడతాయి, తర్వాత ఆ ఊపు లేకుండా వాయించలేరు. మన ఊళ్లో ఏప్రిల్ నాటి పొడి వేడికీ జూలై తేమకూ మెడ వంపు కొంత మారుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా దీన్ని సరిచూసుకోవాలి. తీగల మందం కూడా అంతే, నంబరు పెరిగేకొద్దీ తీగ మందం పెరుగుతుంది. 9 నంబరు తీగల నుంచి 10కి మారితే వినిపించే తేడా, వెయ్యి రూపాయలు దాటని ఖర్చుతో వచ్చే అతి పెద్ద తేడా అని నేను నమ్ముతాను. స్టీవీ రే వాన్ అనే అమెరికన్ బ్లూస్ విద్వాంసుడు 13 నంబరు తీగలు కట్టి, శ్రుతి అర స్వరం తగ్గించి వాయించేవాడు. మీరు అంత దూరం వెళ్లి వేళ్లు గాయపరచుకోవద్దు.

ఇక ఎక్కడ మీటాలి అన్నది. తీగ మీద ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ కదలని అనుస్వరాలు పుట్టవు. సరిగ్గా మధ్యలో మీటితే సరి సంఖ్యల అనుస్వరాలన్నీ పోతాయి. అందుకే ఆ శబ్దం బోలుగా ఉంటుంది. తీగలు ఆనుకునే బ్రిడ్జి పక్కన మీటితే పై అనుస్వరాలన్నీ వస్తాయి కానీ మూల స్వరం బలహీనపడుతుంది.

(ఒకే స్వరాన్ని బ్రిడ్జి నుంచి మెడ వైపు జరుగుతూ ఏడు చోట్ల మీటి చూపారు.)

నాలుగోది, ఐదోది విన్నప్పుడు ముందు వరుసలో ఇద్దరు తలలూపారు. ఆ రెండు చోట్లూ, తీగ కదలికను సంకేతంగా మార్చే రెండు పికప్‌ల మధ్య ఉన్నాయి. శబ్దాన్ని మార్చే పెడల్ ఏదైనా కొనే ముందు అంగుళం చేయి జరిపి చూడండి. పలచని ప్లాస్టిక్ ప్లెక్ట్రమ్ వంగి తీగను గీకి వదిలేస్తుంది. 1 మిల్లీమీటరుకు తగ్గనిది, అంచు కొద్దిగా గుండ్రంగా ఉన్నది తీసుకుని, తీగను పక్కకు కాకుండా చెక్క వైపు కొంచెం నొక్కి వదలండి. వీణ నేర్చుకున్నవారికి ఈ మాట వింతగా ఉండదు. మీటు బరువు అంటే ఏమిటో వారికి మొదటి పాఠంలోనే తెలుస్తుంది.

పికప్‌ల గురించి ఎన్నో గంటలు మాట్లాడుకోవచ్చు, కానీ ఈ రోజుకు ఒక్క స్క్రూడ్రైవర్ సరిపోతుంది. చివరి మెట్టు దగ్గర తీగను నొక్కి పట్టుకుని, తీగకూ పికప్‌కూ మధ్య దూరం చూడండి. మందపు తీగ వైపు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. పికప్‌ను తీగకు అంటినంత దగ్గరగా పెంచితే శబ్దం పెరుగుతుంది కానీ ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లలోని అయస్కాంతం తీగను లాగి దాని ఊపును చంపేస్తుంది. నిండుదనం కావాలని పికప్ ఎత్తేవారు పోగొట్టుకునేది సరిగ్గా దాన్నే. సింగిల్ కాయిల్ పలచన, రెండు చుట్టల హంబకర్ పికప్ నిండు అని కూడా ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. గిబ్సన్ గిటార్లలో 1957లో హంబకర్లు వచ్చింది మొదట కరెంటు హోరు తగ్గించడానికి. రెండు కాయిల్స్ కలవడం వల్ల పై అనుస్వరాలు కొంత తగ్గి మధ్య భాగం ముందుకొచ్చింది. సింగిల్ కాయిల్ గిటారు మీద టోన్ నాబ్‌ను 10 నుంచి 6కు తగ్గిస్తే ఆ దారిలో కొంత దూరం మీరూ వెళ్లగలరు. టోన్ నాబ్ ఉందన్న సంగతే చాలామంది మర్చిపోయారు!

కేబుల్ పొడవు కూడా స్వరాన్ని మారుస్తుంది. మామూలు గిటారు కేబుల్‌లో మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ పికప్ అనునాద శిఖరం, అంటే అది అన్నిటికన్నా బలంగా పలికే చోటు, కిందికి దిగి పదును మెత్తబడుతుంది. శబ్దం గుచ్చుకుంటోందని బాధపడేవారికి 3 మీటర్ల కేబుల్ బదులు 6 మీటర్లది మందుగా పనిచేయవచ్చు. గిటారు వాల్యూమ్ తగ్గించినప్పుడు శబ్దం మసకబారుతోందంటే, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక 1000 పికోఫారడ్ల కెపాసిటర్, ఒక 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తెచ్చుకుని, రెంటినీ పక్కపక్కన కలిపి వాల్యూమ్ నాబ్ రెండు కాళ్ల మధ్య, అంటే సంకేతం వచ్చే కాలికీ వెళ్లే కాలికీ అతికించండి. చాయ్ డబ్బుల్లో పని అయిపోతుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే గెయిన్ తక్కువగా ఉన్నప్పుడు గిటారు వాల్యూమ్ నాబే మీ గెయిన్ నాబ్. 7 దగ్గర పెట్టి తాళం వాయించండి, పాట ఎత్తుకున్నప్పుడు 10కి తెండి.

ఇప్పుడు ఆంప్, అంటే ఆంప్లిఫయర్, దగ్గరకు వద్దాం. నా క్యాసెట్ పాడైంది ఇక్కడే.

బాస్, మిడ్, ట్రెబుల్ మూడింటినీ 5 దగ్గర పెడితే శబ్దం సమంగా ఉంటుందని మనం అనుకుంటాం. అది నిజం కాదు. అమెరికన్ కంపెనీ ఫెండర్ ఆంప్‌ల పద్ధతి సర్క్యూట్లలో బాస్, ట్రెబుల్ సగంలో ఉన్నప్పుడు 400 హెర్ట్జ్ పరిసరాల్లో ఒక లోయ ఉంటుంది. బాస్, ట్రెబుల్ పూర్తిగా తగ్గించి మిడ్ పూర్తిగా పెంచితేనే ఆ సర్క్యూట్ దాదాపు సమంగా పలుకుతుంది. ఒంటరిగా వాయించినప్పుడు ఆ లోయ తియ్యగా ఉంటుంది, బ్యాండ్‌తో వాయించగానే మీ స్వరం దానిలో పడిపోతుంది. గిటారు కండ ఉండేది సుమారు 200 నుంచి 800 హెర్ట్జ్ వరకు. కిందికి వెళ్లనవసరం లేదు. మందపు E తీగ మూల స్వరం 82 హెర్ట్జ్. బాస్ గిటారు అడుగు తీగ 41. ఆ ప్రాంతం వారిది, డ్రమ్ముల వారిది. మీ ఫోన్ స్పీకరు 82 హెర్ట్జ్‌ను దాదాపు పలకలేదు, అయినా ఫోన్‌లో గిటారు విన్నప్పుడు ఆ E తీగ స్వరాన్ని గుర్తుపడతారు. 165, 247 దగ్గర ఉన్న రెండో, మూడో అనుస్వరాలను విని మెదడు మూల స్వరాన్ని తనే కట్టుకుంటుంది. కాబట్టి నిండుదనం కావాలంటే బాస్ నాబ్ కాదు, ఆ రెండో, మూడో అనుస్వరాలు ఉండే చోటును కాపాడండి. బాస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 5 దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి.

(రెండు అమరికల్లోనూ ఒకే పల్లవిని వాయించి చూపారు.)

నిండుకుండ తొణకదు అంటారు. బాస్ పొంగి పొర్లే గిటారు సగం నిండిన కుండ.

శబ్దాన్ని నలిపే, అంటే శిఖరాలు కోసే, ఓవర్‌డ్రైవ్ పెడల్ వాడేవారికి ఒక మాట. ఒకే పెడల్ మీద డ్రైవ్ 6కు పెంచడం కన్నా, ఆంప్‌ను గట్టిగా మీటితే కొద్దిగా పగిలే అంచు దగ్గర ఉంచి, పెడల్‌లో డ్రైవ్ 2, లెవెల్ 8 పెట్టండి. రెండు చోట్ల కొంచెం కొంచెంగా నలిగిన శబ్దం ఒక్కచోట బాగా నలిగిన శబ్దం కన్నా గుండ్రంగా ఉంటుంది. అందరికీ తెలిసిన ఆకుపచ్చ పెడల్, ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్, 1970ల చివర జపాన్‌లో వచ్చింది. అది కింది భాగాన్ని కోసి 720 హెర్ట్జ్ చుట్టూ ఒక గుట్ట నిలబెడుతుంది. ఇందాక చెప్పిన ఫెండర్ లోయ మీద ఈ గుట్టను పెట్టి చూడండి, ఒకదానిలో ఒకటి అమరిపోతాయి. స్టీవీ రే వాన్ గిటారు అంత నిండుగా ఉండటంలో ఆ జోడీకి పెద్ద పాత్ర ఉంది. స్వచ్ఛమైన సంకేతాన్ని, నలిగిన సంకేతాన్ని విడివిడిగా నడిపి చివర కలిపే పెడల్స్ కూడా ఉన్నాయి. స్వచ్ఛమైన దానిలో మీటు స్పష్టత ఉంటుంది, నలిగిన దానిలో నిలకడ ఉంటుంది.

స్వరాన్ని సాగదీసే పనిని, హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్‌కు ఇవ్వవచ్చు. నిష్పత్తి 3కు 1 చాలు. అటాక్, అంటే అది పట్టు బిగించే వేగం, నెమ్మదిగా పెట్టండి, లేకపోతే మీటును మింగేస్తుంది. కంప్రెసర్ గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు, అది పనిచేస్తున్నట్టు తెలియకపోతే సరిగ్గా అమర్చినట్టే.

ఇప్పుడు మిమ్మల్ని ముందుకు ఎందుకు పిలిచానో చెబుతాను. 12 అంగుళాల స్పీకరు కింది శబ్దాన్ని అన్ని వైపులకూ పంచుతుంది, పదునును మాత్రం టార్చిలైటులా సూటిగా కొడుతుంది. మనం ఆంప్‌ను నేల మీద పెట్టి ముందు నిలబడతాం. ఆ టార్చి మన మోకాళ్లకు తగులుతుంది, చెవికి మసక శబ్దమే వస్తుంది. అందుకని ట్రెబుల్ పెంచుతాం. 10 అడుగుల దూరంలో కూర్చున్న శ్రోత చెవిలో సూది దిగుతుంది. వారికి గిటారు పలచగా ఉంటుంది, మనకు బాగుంటుంది! ఆంప్‌ను కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చి స్పీకరు మీ ముఖం వైపు చూసేలా చేయండి. అప్పుడు వాయించేవారూ వినేవారూ ఒకే గిటారు వింటారు. చిన్న ఆంప్ అయితే గోడకు దగ్గరగా జరపండి, కింది భాగం బలపడుతుంది. మూలలోకి నెడితే మరీ ఎక్కువై గుమ్మని మోగుతుంది, జాగ్రత్త.

స్పీకరు, దాని పెట్టె ఎంత మారుస్తాయో ఒక్క ఉదాహరణ. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం కట్టిన మొదటి ఆంప్ ఫెండర్ బాస్‌మ్యాన్ సర్క్యూట్‌కు దాదాపు నకలు. ఫెండర్‌ది వెనుక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు, వీరిది మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు. సర్క్యూట్ దాదాపు అదే అయినా ప్రపంచం రెండు వేర్వేరు స్వరాలు వింది. కాబట్టి కొత్త ఆంప్ కొనే డబ్బు లేనివారు పాత ఆంప్‌లో స్పీకరు మార్చి చూడవచ్చు.

కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఫ్లాట్లలో ఉండేవారి ఇబ్బంది వేరు. పక్కింట్లో పరీక్షలు రాసే పిల్లలుంటారు, రాత్రి 10 దాటాక గొంతు తగ్గించే వాయించాలి. తక్కువ శబ్దంలో మన చెవి కింది పౌనఃపున్యాలను సరిగ్గా వినదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. అందుకే ఇంట్లో నిండుగా అమర్చుకున్న టోన్ వేదిక మీద బురదలా ఉంటుంది, వేదిక మీద అమర్చినది ఇంట్లో పలచగా ఉంటుంది. రెండు అమరికలు రాసిపెట్టుకోండి. 100 వాట్ల ఆంప్ నుంచి 10 వాట్లకు దిగితే శబ్దం పదో వంతు అవుతుందని అనుకోకండి. చెవికి సుమారు సగమే తగ్గుతుంది. ఇంటికి 1 వాటు, 5 వాట్ల ఆంప్‌లే ఎక్కువ.

ఇంతవరకు చెప్పినదంతా పరికరాల సంగతి. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను.

కచేరీ మొదలవకముందు తంబురా శ్రుతి చేయడం ఎప్పుడైనా దగ్గర నుంచి విన్నారా? నాలుగు తీగలు. పంచమం, రెండు సారణులు (మధ్య షడ్జమాలు), మంద్ర షడ్జమం. తీగకూ బ్రిడ్జికీ మధ్య ఒక నూలు దారం పెట్టి, దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ పోతారు. ఒక చోట తీగ ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నట్టు మోగుతుంది. అందుకే దాన్ని జీవా అన్నారు. అక్కడ ఆంప్లిఫయర్ లేదు, గెయిన్ లేదు. అయినా ఆ నిండుదనానికి సాటి వచ్చే శబ్దం నాకు తెలియదు. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం కూడా వినిపిస్తుంది. దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. అది మంద్ర షడ్జమంలోని ఐదో అనుస్వరం. షడ్జమం కింద, పంచమం దాని పైన, గాంధారం ఇంకా పైన, ఎంతో ఎడంగా. ప్రకృతి కార్డ్‌ను పేర్చే వరుస అదే.

మనం గిటారు మీద ఏం చేస్తాం? మొదటి రోజు నేర్చుకున్న ఓపెన్ E కార్డ్‌ను అడుగు తీగ నుంచి బలంగా గీస్తాం, లేదా గాంధారాన్ని షడ్జమం పక్కనే అడుగున ఇరికిస్తాం. 82 హెర్ట్జ్ E పక్కన 104 హెర్ట్జ్ G షార్ప్ పెడితే తేడా 22. అంత దగ్గరగా ఉన్న కింది స్వరాలను చెవి విడదీయలేదు, రెండూ ఒరుసుకుని గరగరమంటాయి. గెయిన్ ఎక్కువైతే మూడు స్వరాల కార్డ్ ఎక్కడ పెట్టినా అలుక్కుపోతుంది కాబట్టి పవర్ కార్డ్ తప్ప దారి లేదు. గెయిన్ తగ్గిస్తే గాంధారాన్ని మళ్లీ పిలవవచ్చు. తంబురా పెట్టిన చోట పెట్టాలి, అంతే.

ఇది చూడండి. ఐదో తీగ మూడో మెట్టు, C, 131 హెర్ట్జ్. మూడో తీగ నొక్కకుండా, G, 196. రెండో తీగ ఐదో మెట్టు, E, 330. నాలుగో తీగను వేలి అంచుతో మూసేయండి. మూడే స్వరాలు.

(మధ్యస్థమైన గెయిన్‌తో ఆ కార్డ్ వాయించి, పూర్తిగా ఆగేవరకు వదిలేశారు.)

ఇప్పుడు అదే అమరికలో ఐదు తీగల మామూలు C కార్డ్.

(వాయించారు.)

మూడు తీగలే ఐదు తీగల కన్నా పెద్దగా వినిపించాయి, అవునా? 196 లోంచి 131 తీసేస్తే 65. అది ఒక స్థాయి కింది C. కొద్దిపాటి గెయిన్ ఉంది కాబట్టి ఆ తేడా స్వరం సన్నగా పుట్టి, కింద ఎవరో పీట వేసినట్టు నిలబడింది. 131, 196, 330 అన్నవి ఆ 65కు రెండో, మూడో, ఐదో అనుస్వరాలు. తంబురా చేసే పనినే మూడు వేళ్లతో చేశాం. స్థాయిని పన్నెండు సమ భాగాలు చేసే సమ విభజన శ్రుతిలో మన E స్వయంభూ గాంధారం కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది, కచ్చితంగా 327 ఉండాలి. రికార్డింగ్‌లో సమయం ఉంటే రెండో తీగను వెంట్రుకంత దింపి చూడండి. ఆ కార్డ్ నిశ్చలమైపోతుంది. మొదటిసారి అలా విన్న రాత్రి నేను చాలాసేపు మరేదీ వాయించలేకపోయాను.

తీగలు తగ్గించడం వల్ల నిండుదనం పెరగడానికి మన దగ్గరే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ను వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. ఆ చిన్న వాద్యంలో గమకం నిలిచింది, మంద్రం వచ్చింది. డిస్టార్షన్ అవసరం పడలేదు. ఆయన ఆలాపనలు వింటూ ఒక్కో స్వరం మొదలు, నడక, ముగింపు గమనించండి. ఏ స్వరమూ ఆకలితో వెళ్లిపోదు.

ఇక మీ ప్రశ్నలు.

(ఒక యువతి: "మా చర్చిలో ఆంప్ పెట్టనివ్వరు. ప్రాసెసర్ నుంచి నేరుగా మిక్సరుకు కలుపుతాం. తక్కువ గెయిన్‌లో గిటారు గీరినట్టు వినిపిస్తుంది. ఎందుకు మాస్టారూ?")

మంచి ప్రశ్న, ఇక్కడ చాలామందిది ఇదే ఇబ్బంది అయి ఉంటుంది. గిటారు స్పీకరు 5000 హెర్ట్జ్ దాటాక దాదాపు పలకదు. మిక్సరుకు కలిపిన పెద్ద స్పీకర్లు 15000 దాకా పలుకుతాయి. ఆ గీరుడు అక్కడి నుంచి వస్తుంది. ప్రాసెసర్‌లో స్పీకరు పెట్టెను అనుకరించే క్యాబినెట్ విభాగం ఆన్‌లో ఉందో లేదో చూడండి. అందులో ఇంపల్స్ రెస్పాన్స్ అనే ఫైళ్లు ఉంటాయి. ఒక స్పీకరు, ఒక మైకు కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో కొలిచి దాచినవి అవి. మైకు స్పీకరు నడిమధ్యలో పెట్టి తీసినది పదునుగా, అంచున పెట్టి తీసినది మెత్తగా ఉంటుంది. అంచు వైపుది ఎంచుకోండి. ఆ తర్వాత 90 కిందా 6000 పైనా కోసేయండి. చిన్న గది రెవర్బ్ (ప్రతిధ్వని) కొద్దిగా కలపండి, పెద్ద హాలుది వద్దు, చర్చికి తన హాలు ఎలాగూ ఉంది.

(వెనుక నుంచి ఒక యువకుడు: "సింగిల్ కాయిల్ గిటారుకు హోరు ఎక్కువగా ఉంది. ప్లగ్‌లో మూడో పిన్ను తీసేస్తే తగ్గుతుందని ఒకరు చెప్పారు.")

ఆ పని ఎప్పటికీ చేయకండి. దయచేసి ఈ ఒక్క మాటనైనా ఇంటికి తీసుకెళ్లండి. మన కరెంటు 230 వోల్టులు. మూడో పిన్ను ఎర్త్. అది లేని ఆంప్‌లో లోపం వస్తే మీ గిటారు తీగల్లోకి ఆ కరెంటు వస్తుంది, ఎర్త్ ఉన్న మైకుకు మీ పెదవి తగిలితే ప్రాణం పోవచ్చు. హోరు 50 హెర్ట్జ్‌దీ దాని గుణిజాలదీ. ట్రాన్స్‌ఫార్మర్లకు, చార్జర్లకు దూరంగా జరగండి, నిలబడే దిక్కు మార్చండి, గిటారు లోపల రాగి రేకు అతికించండి. గెయిన్ తగ్గించినప్పుడు హోరు కూడా తగ్గుతుంది, ఆ లాభం మనకు ముందే వచ్చింది.

(ముందు వరుసలో కూర్చున్న ఒక అబ్బాయి: "మీరు చెప్పినవన్నీ చేశాను సార్. అయినా నా గిటారు పలచగానే ఉంది.")

గిటారు తెచ్చావా, బాబూ? ఇలా ఇవ్వు. తీగలు ఎప్పుడు మార్చావు? ఆరు నెలలా? సరే, అది ఒకటి. ఈ పికప్ చూడండి, మందపు తీగకు దాదాపు అంటుకుని ఉంది. ఆ నల్ల సంచిలో చిన్న స్క్రూడ్రైవర్ ఉంటుంది, ఎవరైనా అందిస్తారా? ముందు రెండు చుట్లు దింపి విందాం.